భజన బృందంలో చోటు దొరికేదాకా ఏం చేయాలి?

పాలమూరు, నల్లగొండ ఊళ్లల్లో భజనకు పోయినవాళ్లకు ఈ మాట కొత్త కాదు: "ఇంకొన్ని రోజులు ఎనక కూసో బిడ్డా, తర్వాత చూద్దాం." సిటీలో అపార్ట్‌మెంట్ భజన బృందమైతే అదే మాట వాట్సాప్‌లో వస్తది. పాట వచ్చు, గొంతుంది, కానీ మైక్ మాత్రం రాదు. "వీళ్లతో నాకేం పని, నేనే రీల్స్ చేసుకుంటా" అనిపిస్తది. ఆ మాట అనుకునే ముందు రామాయణంలో రెండు ఘట్టాలు చూద్దాం.

మొదటిది శబరి. రాముడు చిత్రకూటానికి వచ్చిన సమయంలో మతంగాశ్రమంలోని మునులు లోకం విడిచి వెళ్తూ, "రాముడు ఇక్కడికి వస్తాడు, ఆతిథ్యమివ్వు" అని ఆమెకు చెప్పారు. ఏ రోజు వస్తాడో చెప్పలేదు. ఆ తర్వాత రాముడు దండకారణ్యంలోని ఆశ్రమాల్లోనే పదేళ్లు గడిపాడు. అంటే శబరి పదేళ్లకు పైనే ఎదురుచూసింది. ఎంగిలి పండ్ల కథ వాల్మీకి రామాయణంలో లేదు. అందులో ఆమె అనే మాట ఇది: పంపా తీరంలో దొరికినవన్నీ నీ కోసం సేకరించి పెట్టాను అని. రాముడు వచ్చాక వెతుక్కోలేదు, ముందే సిద్ధంగా ఉంది.

మరి మనం సేకరించాల్సింది ఏంటి? భజనలో ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు వంత పాడతారు. చివర్లో వేగం పెరుగుతుంది. అక్కడ ఒక్కరు వెనకబడినా అందరి తాళం చెదురుతుంది. కొత్తవాళ్లను ఆగమనేది చాలాసార్లు అందుకే.

- ఆదితాళం 8 అక్షరాలు చేతితో వేస్తూ, తప్పకుండా పాడటం అలవాటు చేసుకోండి.
- వాళ్లు పాడే వరస వినండి. మన్యంకొండ హనుమద్దాసు కీర్తన పుస్తకంలో చూసి నేర్చుకున్నా, బృందం వరస వేరుగా ఉండొచ్చు.
- వెనక కూర్చున్నా వంత గట్టిగా పాడండి. అది కూడా భజనే. స్వామికి ముందు వరస, వెనక వరస తేడా లేదు.

రెండోది కిష్కింధ. వాలి వధ తర్వాత వానాకాలం వచ్చింది. కార్తీకం రాగానే ప్రయత్నం మొదలుపెడదామని సుగ్రీవుడికి రాముడే చెప్పి, ప్రస్రవణగిరి గుహలో ఆగాడు. ఆ రోజుల్లో సీతను తలుచుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడు, లక్ష్మణుడు ఓదార్చాడు. ఓపిక అంటే బాధ లేకపోవడం కాదన్నమాట. వానలు తగ్గినా సుగ్రీవుడి నుంచి కబురు లేదు. అప్పుడు రాముడు మౌనంగా కూర్చోలేదు, లక్ష్మణుడిని పంపించి మాట గుర్తుచేశాడు.

కాబట్టి మీరూ అడగండి. "అన్నా, నేను ఇంకా ఏం నేర్చుకోవాలి? ఎప్పటిదాకా ఆగాలి?" అని మర్యాదగా, సూటిగా అడగండి. నేర్చుకోవాల్సింది చెప్తే నేర్చుకోండి. ఎన్నిసార్లు అడిగినా జవాబే రాకపోతే, కోపం పెట్టుకోకుండా ఇంకో బృందానికి వెళ్లండి. మీరు సేకరించుకున్న తాళం, వరస ఎక్కడికీ పోవు, మీతోనే వస్తాయి.

ఈ శనివారం హనుమాన్ గుడికి వెళ్లండి. మైక్ అడగకుండా ఒక గంట వంత పాడి చూడండి.

జై శ్రీరామ్!