వెట్టి కాదు, వేతనం



బదిలీ అంటే మీకూ, మాకూ కొత్త కాదు. కొత్త ఊరు, కొత్త బడి, కొత్త భాష. ఏ ఊరు వెళ్లినా మేము ముందుగా వెతుక్కునేది తెలుగు మాట. సూరత్‌లో పనిచేసిన రోజుల్లో ఆ మాట మాకు వీధి చివరి టీకొట్టు దగ్గర వినిపించింది. వరంగల్ వైపు నుంచి వచ్చి, ఒక అద్దకం మిల్లులో పనిచేస్తున్న పెద్దమనిషి. పరిచయమైన కొన్నాళ్లకు, "సార్, ఒక దరఖాస్తు రాసిపెట్టాలె" అని అడిగారు.

ఆయన వారానికి ఆరు రోజులు, రోజుకు 12 గంటలు పనిచేసేవారు. అదనపు గంటలకు యజమాని మామూలు కూలే కట్టేవాడు. రెండు నెలలుగా అదీ లేదు. అడిగితే "తర్వాత చూద్దాం" అనేవాడట.

దరఖాస్తు రాసే ముందు, ఆయనకు రావలసింది ఎంతో తెలియాలి కదా! అప్పట్లో అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ఇలా చెప్పేది: రోజుకు 9 గంటలు గానీ, వారానికి 48 గంటలు గానీ దాటి పనిచేస్తే, ఆ అదనపు పనికి మామూలు రేటుకు రెట్టింపు వేతనం ఇవ్వాలి. దీన్నే ఓవర్‌టైమ్ అంటాం.

ఒక లెక్క చేద్దాం. 8 గంటలకు కూలి 480 రూపాయలనుకోండి. అంటే గంటకు 60. వారంలో 72 గంటలు పనిచేస్తే, మొదటి 48 గంటలకు 2,880 రూపాయలు. మిగిలిన 24 గంటలకు గంటకు 120 చొప్పున మరో 2,880. మొత్తం 5,760. అన్ని గంటలకూ 60 చొప్పునే కడితే వచ్చేది 4,320. వారానికి 1,440 రూపాయలు తక్కువ. అది ఒక ఇంటి బియ్యం, పిల్లల పుస్తకాలు.

ఈ లెక్క సుప్రీంకోర్టు దాకా కూడా వెళ్లింది. కరోనా కాలంలో, 2020 ఏప్రిల్ 17న గుజరాత్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఫ్యాక్టరీలు రోజుకు 12 గంటలు, వారానికి 72 గంటలు పని చేయించుకోవచ్చు. అదనపు గంటలకు రెట్టింపు ఇవ్వనక్కరలేదు. గుజరాత్ మజ్దూర్ సభ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2020 అక్టోబరు 1న కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసి, కార్మికులకు చట్టప్రకారం ఓవర్‌టైమ్ వేతనం చెల్లించాలని ఆదేశించింది.

ఆ తీర్పులో రాజ్యాంగం 23వ అధికరణం ప్రస్తావన ఉంది. ఆ అధికరణం నిషేధించిన 'బేగార్'కు మన తెలుగులో పాత మాట ఒకటుంది: వెట్టి. కూలి ఇవ్వకుండా, బలవంతంగా చేయించుకునే చాకిరి. తెలంగాణ పల్లెలు ఈ మాటను పుస్తకాల్లో నేర్చుకోలేదు, అనుభవించి నేర్చుకున్నాయి.

ఇక దరఖాస్తు. ఆ వారం మా ఎనిమిదో తరగతి పాఠం లేఖారచనే. పేర్లు చెప్పకుండా, పిల్లలతో కలిసి నమూనా రాశాం. "మా యజమాని అన్యాయం చేస్తున్నాడు" అని ఒకరు మొదలుపెట్టారు. "అది నిజమే, కానీ అధికారికి కావలసింది తేదీలు" అన్నాం మేము. ఏ రోజు, ఎన్ని గంటలు, ఎంత రావాలి, ఎంత ఇచ్చారు?

ఆ తేదీలు ఎక్కడ దొరికాయో తెలుసా? ఆయన ఇంటి గోడ క్యాలెండర్‌లో. ఆయన మిల్లుకు వెళ్లిన వేళ, తిరిగి వచ్చిన వేళ భార్య రోజూ పెన్సిలుతో రాసి ఉంచారు. దరఖాస్తును హిందీలోకి మార్చి కార్మిక శాఖ కార్యాలయంలో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాం. నాలుగు నెలలకు కొంత డబ్బు వచ్చింది. మిగతాది తేలకముందే మాకు బదిలీ ఉత్తర్వు వచ్చింది.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ కూడా రెట్టింపు సూత్రాన్ని నిలిపింది. బాకీ కోసం మూడేళ్లలోపు దరఖాస్తు చేసుకోవచ్చు.

మీ అమ్మానాన్నల జీతం నెలనెలా వస్తుంది. మీ క్వార్టర్స్ ఊడ్చేవారికి, గేటు దగ్గర కాపలా ఉండేవారికి అలా వస్తోందా? ఒకసారి మర్యాదగా అడిగి చూడండి. దరఖాస్తు రాయడం మీకు వచ్చుగా!

అభ్యాసం
1. గంటకు 75 రూపాయల చొప్పున, వారంలో 60 గంటలు పనిచేసిన కార్మికునికి ఎంత రావాలి?
2. 'వెట్టి', 'కూలి', 'జీతం' పదాలను సొంత వాక్యాల్లో ప్రయోగించండి.
3. రావలసిన ఓవర్‌టైమ్ వేతనం కోరుతూ కార్మిక అధికారికి లేఖ రాయండి. తేదీలు మరవకండి.