అన్నప్రాశన తరువాత

తెనాలి నుండి రేపల్లెకు, బాపట్లకు పోయే దారులకు ఇరువైపులా కృష్ణ కాలువల నీటితో పండే వరి పొలాలున్నాయి. కోతకు ముందే మడిలో చల్లిన మినుము, పెసర ఆ మిగులు తేమతోనే పెరిగి కాపుకు వస్తాయి. కొల్లిపర, కొల్లూరు ప్రాంతాల లంకలలో అరటితోటలు, రేపల్లెకు దిగువన నిజాంపట్నం రేవులో చేపలు సమృద్ధం. 1986లో విడుదలై దేశమంతటా పేరు పొందిన సాంబమసూరి వరి, అనగా బి.పి.టి. 5204, బాపట్లలోనే రూపొందింది. ఆ మూడక్షరాలలో ఉన్నది ఆ ఊరి పేరే. అయినప్పటికీ 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగిన ఎత్తు పెరగలేదు. దేశం మొత్తం మీద 6 నుండి 23 నెలల వయసు పిల్లల్లో చాలినంత ఆహారం అందుతున్నవారు నూటికి 11 మంది మాత్రమే. ధాన్యరాశి పక్కనే ఈ కొరత ఎందుకు ఏర్పడుతున్నది?

శిశువుకు తొలిసారి అన్నం ముట్టించే అన్నప్రాశనను మన పూర్వులు సంస్కారాలలో ఒకటిగా ఎంచారు. ఆశ్వలాయన గృహ్యసూత్రం దానిని ఆరవ నెలలో విధించి, పుష్టి కోరేవారు మేకమాంసాన్ని, తేజస్సు కోరేవారు నేతితో కూడిన అన్నాన్ని పెట్టాలని చెప్పింది. పెరుగు, తేనె, నెయ్యి కలిపిన అన్నాన్ని కూడా పేర్కొన్నది. (ఏడాది నిండని బిడ్డకు తేనె తగదని నేటి వైద్యుల మాట.) పలుచని గంజి ప్రసక్తి అక్కడ లేకపోవడం గమనింపదగినది. 2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలనీ, ఆ తరువాత పాలు కొనసాగిస్తూనే అదనపు ఆహారం మొదలుపెట్టాలనీ సూచించింది. మగపిల్లలకు సరి నెలలో, ఆడపిల్లలకు బేసి నెలలో ముహూర్తం పెట్టే ఆచారం వల్ల ఆడపిల్లకు ఈ ఆరంభం ఒక నెల ముందో వెనుకో జరుగుతుంది. అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి ఉన్నది. వేడుకనాడు నాలుకకు పాయసం తగిలించి, పుస్తకమూ బంగారమూ ముందుంచి ముచ్చట తీర్చుకొన్న ఇంట్లో, మరునాటి నుండి బిడ్డకు ఏమి పెట్టాలన్న ఆలోచన తరచుగా వెనుకబడుతుంది.

ఆరు నెలలు నిండేసరికి పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వలు తరుగుతాయి. తల్లిపాలకు తోడుగా 6-8 నెలల బిడ్డకు రోజుకు సుమారు 200, ఏడాది దాటిన బిడ్డకు సుమారు 550 కిలోకాలరీలు కావాలి. శిశువు కడుపు మాత్రం చిన్నది. కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్ల చొప్పున, ఎనిమిది కిలోల బిడ్డకు ఒక పూట పట్టేది 240 మిల్లీలీటర్లు. దానిని చారునీళ్ళతోనో నీళ్ళపాలతోనో నింపితే కడుపు నిండుతుంది గాని ఒంటికి పట్టేది స్వల్పం.

కారణాలలో పేదరికం ఒకటి, అదొక్కటే కాదు. నాట్లకు, కలుపుకు, కోతలకు తెల్లవారుజామునే బయలుదేరే తల్లి సాయంత్రం దాకా ఇంట ఉండదు. బిడ్డ నాయనమ్మ చేతిలోనో, ఏడెనిమిదేళ్ళ అక్క చేతిలోనో పెరుగుతుంది. రోజుకు మూడు నాలుగు సార్లు ఓపికతో తినిపించవలసిన పని వారి మీద పడుతుంది. పళ్ళు రాకముందు గుడ్డు అరగదనీ, చేప పెడితే జబ్బు చేస్తుందనీ జంకు. విరేచనాలైతే ఆహారం మాన్పించడం మరొక పొరపాటు. తిండి అప్పుడే ఎక్కువ అవసరం. ఏడుపు మాన్పడానికి కొట్లో బిస్కట్టు సులువైన ఉపాయం. శిశు ఆహారాల అమ్మకాన్ని అదుపుచేసే 1992 నాటి చట్టం డబ్బాపాల ప్రచారాన్ని అడ్డుకోగలదు గాని ఆ బిస్కట్టును ఆపలేదు.

నాయనమ్మను నిందించడం సులభం. కాని ఆమెకు సరిగా చెప్పినవారెవరు? ఈ ప్రశ్నకు విలువైన సమాధానం నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని నల్గొండ జిల్లాలో లభించింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్ బృందం 60 గ్రామాలలో 600 మంది తల్లీబిడ్డలను ఎంచుకొని, మూడు నెలల వయసు నుండి పదిహేను నెలల వరకు పరిశీలించింది. ఫలితాలు 2013లో వెలువడ్డాయి. కొన్ని గ్రామాలలో మామూలు అంగన్‌వాడీ సేవలే సాగాయి. కొన్నింట శిక్షణ పొందిన గ్రామ స్త్రీలు ఇళ్ళకు వెళ్ళి ఏమి పెట్టాలో బోధించారు. మరికొన్నింట ఎలా పెట్టాలో కూడా, అంటే బిడ్డ ఆకలి సైగలు కనిపెట్టడం, మాట్లాడుతూ ఆడిస్తూ తినిపించడం, నేర్పారు. అదనంగా ఆహారం పంచలేదు. అయినా బోధన సాగిన ఊళ్ళలో పిల్లలు ఎక్కువ పోషకాలు గల తిండి తిన్నారు. ఆడిస్తూ తినిపించిన చోట వారి మానసిక వికాసం కూడా మెరుగైంది.

అంగన్‌వాడీ నుండి నెలనెలా రెండున్నర కిలోల బాలామృతం పొట్లం ఏడు నెలల నుండి మూడేళ్ళ లోపు పిల్లలకు ఇస్తారు. అది ఇల్లు చేరాక పెద్దపిల్లలూ పంచుకోవడం కద్దు. పసివానికి మిగిలేది కొంతే. అది తరిగినా డెల్టా ఇంట్లో ఉగ్గుకు సరుకు ఉండనే ఉన్నది. మూడు పాళ్ళు బియ్యం, ఒక పాలు పెసరపప్పు దోరగా వేయించి, మెత్తగా పొడి చేసి డబ్బాలో పోసుకోవాలి. పూటపూటకూ కొంచెం పొడిని చెంచా నుండి కారిపోనంత చిక్కగా ఉడికించి, చెంచాడు నెయ్యి కలిపి, అలవాటైన కొద్దీ ఉడికిన ఆకుకూరనూ గుడ్డునూ మెదిపి కలపాలి.