గాలిపటం – గాలి లెక్క

సంక్రాంతికి పటం లేవకపోతే మనవాళ్లు ముందుగా గాలిని తిడతారు. "ఇవాళ గాలి లేదురా" అంటారు. నేను చూసినంతలో చాలాసార్లు గాలి ఉంటుంది. దానికి పటం ఎదురొడ్డి నిలవాల్సిన వాలే ఉండదు.

కాస్త లెక్క వేద్దాం. వార్తాపత్రిక కాగితం, రెండు కొబ్బరి ఈనెలు, నాలుగు అన్నం మెతుకులు – మన పల్లెల్లో పిల్లల పటానికి ఇంతే సామగ్రి. 40 సెంటీమీటర్ల చదరమైతే బరువు సుమారు 15 గ్రాములు. సెకనుకు ఒకటిన్నర మీటర్ల గాలి దాన్ని దాదాపు 17 గ్రాముల బలంతో ఎత్తుతుంది. అంటే బొటాబొటీ! గాలి 3 మీటర్లయితే 70 గ్రాములు, 6 మీటర్లయితే 280. వేగం రెట్టింపయితే బలం నాలుగింతలు. అందుకే పొద్దున లేవని పటం మధ్యాహ్నానికి చిరిగిపోతుంది.

జనవరిలో మన మైదానాల్లో తెల్లవారుజామున మంచు, కదలని గాలి. పది గంటలకు ఎండ తగిలి నల్లరేగడి వేడెక్కితే నేలనున్న గాలి పైకి పోతుంది, పైనున్న జోరుగాలి కిందికి దిగుతుంది. అప్పుడే పటం తియ్యాలి. పొగాకు బ్యారన్ చాటునో, తాటిచెట్ల వరస వెనకో నిలబడితే లాభం లేదు. అడ్డు దాటిన గాలి దాని ఎత్తుకు ఎన్నో రెట్ల దూరందాకా సుడులు తిరుగుతూనే ఉంటుంది. పంట తీసిన చేలోకి పోండి. పరుగెత్తక్కర్లేదు.

ఇక అసలు కీలకం పటానికి ముందువైపు కట్టే రెండుకాళ్ల దారం. ఆ రెండూ కలిసే ముడిని గోరంత పైకి జరిపితే పటం గాలిలో బల్లపరుపుగా వాలి జోరుగాలికి తట్టుకుంటుంది. కిందికి జరిపితే నిటారవుతుంది; మందగాలిలో అదే మేలు. మరీ కిందికి దించితే మాత్రం లాగుతుందే గాని లేవదు. తరగతిలో బలాల సమాంతర చతుర్భుజం గీసినవాళ్లు ఈ ముడి దగ్గర ఒక్కసారి గీసి చూడండి, మార్కుల కోసం కాకపోయినా!

తోక సంగతి తేలిక. బరువు కోసం కాదది, కింది కొసను వెనక్కి లాగి పటాన్ని నిలకడగా ఉంచడానికి. వంపు వెదురుపుల్ల ఉన్న పందెం పటానికి తోక అక్కర్లేదు. గాలికి రెక్కలు వెనక్కి వంగి తనకు తానే సర్దుకుంటుంది.

గాలి హెచ్చితే ముడి జరపాలి గాని దారం మార్చడమెందుకు? 280 గ్రాముల లాగుడుకి కుట్టుమిషను నూలుదారమే చాలు. అయినా పత్తి పండే మన జిల్లాల్లో నైలాను మాంజా కొంటున్నారు. పక్షుల రెక్కలే కాదు, మోటారుసైకిలు మీద పోయేవాళ్ల మెడలూ కోస్తుందది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దాన్ని దేశమంతటా నిషేధించింది కూడా. కొమ్మకు చిక్కిన నూలుదారం ఎండకీ వానకీ చివికి రాలిపోతుంది. నైలాను మాత్రం మళ్లీ సంక్రాంతికీ ఆ కొమ్మనే ఉంటుంది.