హెడ్డరు గొట్టాలు, చిన్న సెల్ఫు మోటారు — ఒక పరిశీలన

తెలుగు అధ్యాపకులకు మోటారు ఇంజనుతో పని ఏమి అని పాఠకులు అడుగవచ్చును. మన విద్యార్థులలో సెలవు దినాలలో బెంగుళూరు రహదారి పక్కనున్న షెడ్డులలో పానా పట్టేవారు లేకపోలేదు. ఇట్లా బిగించు అని ఉస్తాదు చెప్పును. ఎందుకు అని చెప్పుటకు అతనికి తీరిక ఉండదు. ఆ ఎందుకు అనే ప్రశ్నను గురించియే మేము వ్రాయదలచినాము. ఉస్తాదు అనే మాట ఉర్దూ కవిత్వంలోను, కార్ఖానాలోను ఒకటే కదా! 'షాద్' అనే కలంపేరుతో కవిత్వం చెప్పిన మహారాజా కిషన్ పెర్షాద్ పేరుమీదనే మన పట్టణానికి షాద్‌నగర్ అనే పేరు వచ్చినది. కనుక ఈ మాట ఇక్కడ పరాయిది కాదు.

ఇంజనులో కాలిన పొగ సిలిండరునుండి బయటకు వచ్చు మొదటి దారిని మ్యానిఫోల్డు అంటారు. కర్మాగారం నుండి వచ్చే బండికి ఇది సాధారణంగా పోత ఇనుముతో ఉండును. చవకైనది, గట్టిది, చప్పుడు తక్కువ చేయునది. దాని లోపం ఒక్కటే. నాలుగు సిలిండర్ల పొగను జానెడు దూరంలోనే ఒకచోట కలిపివేయును. ఒక సిలిండరు విడిచిన పొగ మరొక దాని దారికి అడ్డము వచ్చును. హెడ్డరు అనగా ఒక్కొక్క ద్వారానికి విడివిడిగా ఉక్కు గొట్టం అమర్చి, కొంత దూరం పోయిన తరువాత వాటిని కలిపే ఏర్పాటు. పొగ ధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వచ్చును. ఒక దెబ్బ గొట్టంలో పరుగెత్తినప్పుడు దాని వెనుక ఒత్తిడి తగ్గును. రెండు వాల్వులూ కొద్దిగా తెరచియుండు ఆ క్షణాన ఈ తక్కువ ఒత్తిడి సిలిండరులో మిగిలిన పొగను లాగివేసి, కొత్త మిశ్రమం వచ్చుటకు చోటు చేయును. గొట్టం పొడవును బట్టి ఈ సహాయం ఏ వేగంలో అందునో నిర్ణయమగును. అందువల్ల హెడ్డరు వేసిన ప్రతి బండీ అన్ని వేగాలలోను బలం పుంజుకొనునని అనుకొనరాదు.

మనకు బాగా తెలిసిన పాత కారు అంబాసిడరు. 1957లో ఉత్తరపాడాలో మొదలై 2014 వరకు తయారైన ఈ బండి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాకు చెందినది. చాలా సంవత్సరాలు దానిలో ఉన్నది 1489 ఘన సెంటీమీటర్ల బి.ఎం.సి. ఇంజను, శక్తి సుమారు 50 అశ్వాలు. ఈ ఇంజను తలకాయను విప్పి చూచిన విద్యార్థి ఒక వింత గమనించును. సిలిండర్లు నాలుగు, పొగ ద్వారాలు మాత్రం మూడే. రెండవ, మూడవ సిలిండర్లకు నడుమ ఒకే ద్వారం. కనుక దీనికి చేసే హెడ్డరులో మూడు గొట్టాలు ఉండును. నడిమి దానిని పొడవుగా ఉంచుదురు. కాల్పుల వరుస 1-3-4-2. క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరిగితే నాలుగు కాల్పులు. ఆ వరుసలో 3కు, 2కు మధ్య సరిగ్గా ఒక చుట్టు ఎడం. 1కి, 4కు మధ్యను అంతే. నడిమి గొట్టంలో రెండు సిలిండర్ల దెబ్బలు ఒకదానినొకటి తాకకుండ పోవుటకు కారణమిదే. అటు చివర, ఇటు చివర ఉన్న గొట్టాలను ముందు జతచేసి, తరువాత నడిమి దానితో కలిపితే లెక్క కుదురును.

అంబాసిడరుకు ఇంకొక అదృష్టం ఉన్నది. పొగ గొట్టం ఇంజనుకు ఒక పక్క, సెల్ఫు మోటారు రెండవ పక్క. ఒకదాని వేడి మరొకదానికి తగులదు. అమెరికా దేశపు 'మజిల్' కార్లలో ఈ సౌకర్యం లేదు. మధ్యరకం ఒడలిలో పెద్ద వి-8 ఇంజను పెట్టిన బండ్లను ఆ పేరుతో పిలుతురు. 1964 నాటి పాంటియాక్ జి.టి.ఓ.లో 389 ఘన అంగుళాల, అనగా సుమారు 6.4 లీటర్ల ఇంజను, 325 అశ్వశక్తితో వచ్చినది. అంబాసిడరుకు ఆరింతలు పైమాటే! వి ఆకారపు ఇంజనుకు రెండు పక్కలా పొగ ద్వారాలే కనుక సెల్ఫు ఏ పక్క పెట్టినా దాని మీదుగా గొట్టాలు పోవలసినదే.

ఇక్కడనే చిక్కు. పోత ఇనుము మందం. హెడ్డరు రేకు పలుచన. లోపల పోవు పొగ వేడి ఐదారు వందల డిగ్రీలు దాటును గనుక పలుచని గొట్టం చుట్టుపక్కల ప్రతి వస్తువునూ కాల్చును. రాగి తీగ వేడెక్కిన కొద్దీ విద్యుత్తును అడ్డగించును. ఒక డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున. అనగా సెల్ఫు నూరు డిగ్రీలు అదనంగా వేడెక్కితే దానిలోని నిరోధం దాదాపు నలుబది శాతం పెరుగును. ఉదయం చల్లగా ఉన్నప్పుడు చక్కగా అందుకొన్న బండి, పెట్రోలు బంకు దగ్గర ఆపి మళ్ళీ తాళం తిప్పితే 'టక్' అని ఊరకుండును. అరగంట ఆగితే మళ్ళీ మామూలే. ఇది బ్యాటరీ దోషమని కొత్త బ్యాటరీ కొనేవారు ఎందరో. ఆ డబ్బు వృథా.

చిన్న సెల్ఫు ఈ చిక్కు తీర్చుటకు పనికివచ్చును. చార్లెస్ కెట్టరింగ్ 1911లో రూపొందించగా 1912 నమూనా కాడిలాక్ కార్లలో సెల్ఫు వచ్చినది. తరువాత చాలా కాలం వరకు అనేక బండ్లలో మోటారు ఇరుసే నేరుగా పినియనును తిప్పేది. 1962లో క్రైస్లరు సంస్థ మోటారుకు, పినియనుకు మధ్య గేర్లు పెట్టినది. మోటారు చిన్నదైనా వేగంగా తిరుగును. గేర్లు ఆ వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచును. మన బావి గిలక జతలలో తాడు ఎక్కువ లాగి బరువు తేలికగా ఎత్తినట్లే. నేడు దొరికే చిన్న సెల్ఫులలో తీగచుట్టలకు బదులు శాశ్వత అయస్కాంతాలు కూడా ఉండును. పరిమాణం తగ్గును గనుక గొట్టానికి, దానికి మధ్య వేళ్ళు పట్టేంత ఎడం మిగులును. ఒక్క జాగ్రత్త. మొరాయించిన సెల్ఫును సుత్తితో కొట్టడం మన షెడ్డులలో పాత అలవాటు. ఈ అయస్కాంతాలు పెళుసు. దెబ్బకు లోపలనే పగులును.

బిగించుటకు ముందు బ్యాటరీ ఎర్తు తీగ విప్పవలెను. బండిని జాకీ మీద మాత్రమే నిలిపి కిందికి దూరరాదు, దిమ్మలు పెట్టవలెను. ఫ్లైవీలు రింగు పళ్ళు లెక్కించుట తప్పనిసరి. చెవ్రొలెట్ వి-8లలోనే 153 పళ్ళది ఒకటి, 168 పళ్ళది ఒకటి కలవు. అంబాసిడరు వంటి పాత బండ్లలో పళ్ళ చివరి వాలు ఏ వైపు ఉన్నదో కూడా చూడవలెను, లేకున్న కొత్త పినియను పళ్ళను నమలివేయును. అనేక బండ్లలో సెల్ఫు ముందు ఎక్కించి, తరువాతనే హెడ్డరు పెట్టుటకు వీలగును. అప్పుడే ఒకసారి హెడ్డరు విప్పకుండ సెల్ఫు దింపుటకు వచ్చునా అని పరీక్షించుట మంచిది. పినియనుకు, రింగుకు మధ్య ఎడం చెవి చెప్పును. ఇంజను తిరిగేటప్పుడు కీచుమంటే ఎడం ఎక్కువ. అందుకొన్న తరువాత కీచుమంటే తక్కువ. దానిని పలుచని షిమ్ములతో సరిచేయుదురు.

హెడ్డరుకు కొత్త ప్యాకింగు వేసి, బోల్టులన్నీ ముందు చేతితో పట్టించి, నడుమనుండి చివరలకు బిగించవలెను. ఒకసారి వేడెక్కి చల్లారిన తరువాత మళ్ళీ బిగించకున్న పొగ కారును. కొందరు దీనిని చప్పుడు సమస్యగా మాత్రమే చూతురు. మేము దీనినే అన్నిటికంటె ముఖ్యమైనదిగా ఎంచుచున్నాము. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. షట్టరు దించిన షెడ్డులో ఇంజను నడపి పరీక్షించే కుర్రవానికి మొదట తలనొప్పి, తరువాత మత్తు. ఆ మత్తులో షట్టరు ఎత్తవలెనని తోచదు. తలుపులు తెరిచి, వీలైతే ఆరుబయట నడపవలెను. బ్యాటరీ తీగ, పెట్రోలు గొట్టం హెడ్డరుకు దూరంగా పోవునట్లు కట్టి, నడుమ రేకు అడ్డు పెట్టవలెను.

యాబది అశ్వాల అంబాసిడరులో హెడ్డరు వలన వచ్చే లాభం స్వల్పం. ఇల్లు, బజారు తిరిగే బండికి ఆ ఖర్చు మేము సమర్థించము. సరిపడిన చిన్న సెల్ఫు దొరికితే అది మేలు. చట్టం సంగతి కూడా కలదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను రిజిస్ట్రేషను వివరాలకు భిన్నమగు మార్పులను అదుపు చేయును; కేంద్ర నియమాలలో 120వది సైలెన్సరును తప్పనిసరి చేయును. 2021లో వచ్చిన వింటేజి వాహనాల నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను నుండి 50 సంవత్సరాలు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే ఆ గుర్తింపు. ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు జరిగియుండరాదు. కనుక తాతగారి కారుకు హెడ్డరు వేసేవారు విప్పిన పోత మ్యానిఫోల్డును పాత ఇనుము వానికి అమ్మక, నూనె రాసి గోనెసంచిలో చుట్టి, దాని బోల్టులతో సహా దాచియుంచవలెను.