మన కంప్యూటర్‌కి జ్వరం ఎందుకొచ్చింది?

మన లాబ్‌లో మూడో కంప్యూటర్ కంపెనీ నుంచి వచ్చింది కాదు. రాజమహేంద్రవరంలో విడిభాగాలు కొని తెచ్చి, సైన్సు సారూ పదో తరగతి అక్కలూ కలిసి బిగించినది. (ఇది గొప్పే. 1967లో హైదరాబాదులో మొదలైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి.-12 లాంటి కంప్యూటర్లను మన దేశంలోనే తయారుచేసిందని సారు చెప్పారు.) సంక్రాంతి సెలవుల తర్వాత అది స్టార్ట్ అవుతూనే ఆగిపోతోంది. విండోస్ బొమ్మ కనబడుతుంది, టప్పున ఆరిపోతుంది. మా అవ్వ పాడిన పదకొండు కోయ పాటలు నేను అందులోనే తెలుగు అక్షరాల్లో కొట్టి పెట్టాను. ఇంకెక్కడా లేవు. అవ్వ కూడా ఇప్పుడు లేదు. అందుకని సారు బాగుచేస్తున్నంతసేపూ పక్కనే కూర్చున్నాను. చూసింది రాస్తున్నాను.

బటన్ నొక్కగానే ఎస్.ఎం.పి.ఎస్. అనే డబ్బా కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి మదర్‌బోర్డుకి ఇస్తుంది. అందులో ఉండే బయోస్ అనే ప్రోగ్రాము ర్యామ్, కీబోర్డు, డిస్కు అన్నీ ఉన్నాయా అని హాజరు పిలుస్తుంది, రాత్రి మన వార్డెన్ మేడం పిలిచినట్టే. ఆ తర్వాతే విండోస్ హార్డ్‌డిస్కులోంచి ర్యామ్‌లోకి వస్తుంది. ఎక్కడ ఆగిందో తెలిస్తే జబ్బు సగం తెలిసినట్టే. మన ఊళ్లో ఆశా కార్యకర్త కూడా "జ్వరం ఏ వేళకి వస్తోంది, చలి ఉందా" అనే కదా ముందు అడుగుతుంది.

సారు డిలీట్ కీ నొక్కి బయోస్‌లోనే ఆపారు. అక్కడ విండోస్ ఉండదు. అయినా రెండు నిమిషాల్లో ఆరిపోయింది. అంటే తప్పు విండోస్‌ది కాదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక అనుమానం కరెంటు, ర్యామ్, వేడి మీద. రెండు ర్యామ్ ముక్కల్లో ఒకటి తీసి చూశారు, తర్వాత అది పెట్టి రెండోది తీశారు. రెండుసార్లూ ఆరిపోయింది. ఒక్కసారి ఒక్కటే మార్చాలి, రెండూ కలిపి మారిస్తే ఏది కారణమో తెలీదు. తర్వాత బయోస్‌లో ప్రాసెసర్ వేడి చూశాం. 62, 78, 91... ఆరిపోయింది! చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరికి వస్తే కాలిపోకుండా వాటంతట అవే ఆగిపోతాయి.

మూత తీసేముందు ప్లగ్ పీకాలి. పవర్ బటన్ ఒకసారి నొక్కి, క్యాబినెట్ ఇనుమును ముట్టుకోవాలి, ఎందుకంటే మన ఒంట్లో చేరిన స్థిర విద్యుత్తు చిప్పులను పాడుచేస్తుంది. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాని మాత్రం ఎవ్వరూ విప్పకూడదు. ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది.

లోపల చూస్తే, ప్రాసెసర్ మీది అల్యూమినియం దిమ్మెకున్న నాలుగు కాళ్లలో ఒకటి ఊడి ఉంది. సెలవుల్లో సున్నాలు వేసినప్పుడు బల్లలు ఈడ్చారు కదా, అప్పుడు ఊడి ఉంటుంది. దిమ్మె లేచిపోతే మధ్యలో గాలి చేరుతుంది. గాలిలోంచి వేడి సరిగా పారదు, ఫ్యాను ఎంత తిరిగినా దండగే. ఎండిపోయిన పాత పేస్టు తుడిచి, కొత్త థర్మల్ పేస్టు శనగగింజంత పెట్టి, నాలుగు కాళ్లూ టక్కుమనేదాకా నొక్కారు.

ఇప్పుడు 44 దగ్గర ఉంటోంది. పాటలు పదకొండూ ఉన్నాయి, పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించాను. గడియారం నడిపే బిళ్ల బ్యాటరీ (3 వోల్టులది) అయిపోయింది, ఇంకా తేలేదు. తేదీ తప్పు చూపిస్తే కంగారుపడకండి.