వేపనూనె వాడకంలో మెలకువలు

తెలుగువారి వేప తమిళులకు వేంబు, కన్నడిగులకు బేవు, సింహళీయులకు కొహొంబ. సంస్కృత నింబ శబ్దమే హిందీలో నీమ్, బెంగాలీలో నిమ్ అయినది. ఈ వృక్షం ఉపఖండమంతటా పెరటి వైద్యునిగా స్థిరపడింది. ఆటలమ్మ సోకినవారి పక్కపై వేపమండలు పరచడం, వేపపుల్లతో పళ్లు తోముకోవడం, గజ్జికి వేపనూనె రాయడం ఎరుగని పల్లె అరుదు.

ఈ చేదులోని మర్మాన్ని రసాయనశాస్త్ర దృష్టితో శోధించినవారిలో సలీముజ్జమాన్ సిద్దిఖీ అగ్రగణ్యులు. బారాబంకీ ప్రాంతంలో జన్మించి, 1951లో పాకిస్తాన్‌కు తరలివెళ్లిన ఆ శాస్త్రజ్ఞుడు, అంతకు పూర్వమే 1942లో వేపనూనె నుండి నింబిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. 1968లో గింజలలో కనుగొన్న అజాడిరాక్టిన్ పురుగుల పెరుగుదలను అరికడుతుంది. సస్యరక్షణలో నేడు దానికి విశేష స్థానమున్నది.

ఇంతటి గుణవంతమైనది గనుక లోపలికి పుచ్చుకున్నా మేలే చేస్తుందని పలువురు భావిస్తారు. ఇక్కడే ప్రమాదం ఉన్నది. ఉగాది పచ్చడిలో పడే కాసిన్ని పువ్వులకూ, గింజలను గానుగాడి తీసిన నూనెకూ పోలిక లేదు. జలుబుకో, నులిపురుగులకో పసిపిల్లలకు ఈ నూనె తాగించే ఆచారం కొన్ని కుటుంబాలలో కలదు. అట్లు విషప్రభావానికి లోనైన 13 మంది శిశువుల వృత్తాంతాన్ని మలేషియా వైద్యులు 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. తాగిన కొద్ది గంటలలోనే వాంతులు, మగత, ఆయాసం, పిమ్మట మూర్ఛలు కనిపించాయి. కాలేయంలో కొవ్వు పేరుకొనడం, మెదడు దెబ్బతినడం ఈ విషంలోని తీవ్రస్థితులు. భారతదేశంలోనూ ఇట్టి ఉదంతాలు వైద్యపత్రికలకెక్కాయి. చెమ్మతో బూజుపట్టిన గింజల నుండి తీసిన నూనెలో అఫ్లటాక్సిన్ అనే మరొక విషం కూడా చేరవచ్చు. సీసా రంగును చూచి దానిని పసిగట్టలేము.

గర్భవతులు సైతం దీనిని సేవించరాదు. జంతువులపై జరిపిన ప్రయోగాలలో వేపనూనె గర్భం నిలువకుండా చేసింది. మధుమేహానికి మాత్రలు వాడుతూ వేపాకు రసం కూడా తాగేవారు ఆ సంగతి వైద్యునికి చెప్పాలి. రెండూ కలిసి రక్తంలోని చక్కెరను మరీ తగ్గించే అవకాశమున్నది.

చర్మంపై వాడేవారు మొదట ముంజేతిపై కొద్దిగా రాసి, మంట, దద్దు రాలేదని నిర్ధారించుకోవాలి. ఒకవేళ శిశువు నూనె తాగితే బలవంతంగా వాంతి చేయించరాదు. నూనె ఊపిరితిత్తులలోకి పోతుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. రక్తంలో పెరిగిన ఆమ్లాన్ని సరిచేయడం, మూర్ఛలను అదుపు చేయడం ఆసుపత్రిలోనే సాధ్యం. కాబట్టి లక్షణాల కోసం ఎదురుచూడక, ఆ సీసాను కూడా వెంట తీసుకుని వెంటనే వెళ్లాలి.