విపత్తు పిదప మనస్సు

ప్రకృతివిపత్తు గడచిన పిదప కూలిన యిండ్లకు, చచ్చిన పశువులకు, మునిగిన పొలములకు లెక్క వ్రాయుదురు. మనస్సులో కూలినదానికి లెక్క లేదు. అయినను ఊరు మరల నిలుచుట దుఃఖము, సిగ్గు, భయము, కోపము అను భావములు ఏ దారి పట్టునో దానిపై ఎంతయో ఆధారపడి యున్నది.

1977 నవంబరు 19వ తేది శనివారమునాడు దివిసీమను ముంచిన ఉప్పెన ఇందుకు నిదర్శనము. సుమారు ఐదు మీటర్ల యెత్తున లేచిన సముద్రము పల్లెలకు పల్లెలనే తుడిచిపెట్టినది. ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు 10 వేలమంది మరణించిరి. రేపల్లె, బాపట్ల ప్రాంతములును దెబ్బతినినవి. తెనాలికి చేరువనున్న కొలకలూరు వంటి గ్రామములు సముద్రమునకు దూరముగ నుండుటచే ఉప్పెన నీరు వాని దాక రాలేదు. అట్టి ఊళ్లకు ప్రాప్తించునది ఆదుకొనువారి పాత్ర. అది తేలికయైనదని తలపరాదు.

ఆనాడు ఎన్నియో శవములు గుర్తింపబడకయే సామూహికముగ దహనమైనవి. పోయినవాని ముఖము కడసారి చూచి, సమాధి చేసి, పదిమందితో కూర్చుండి యేడ్చిన యింట దుఃఖమునకొక గట్టు ఏర్పడును. శవమే దొరకని తల్లికి ఆ గట్టు లేదు. బిడ్డ ఏ చెట్టునో పట్టుకొని బ్రతికి యుండునేమో యను ఆశ ఏండ్ల తరబడి వదలదు. పట్టుకొన్న చేయి జారిపోయినవాడు “నేనేల బ్రతికితిని” యని తన్ను తానే నిందించుకొనును. ఇది పిచ్చి గాదు, పిరికితనము గాదు. దివిసీమలో నవంబరు 19న మృతులను స్మరించుట సమాధి లేనివారికి సమాధి వంటిది.

ఓదార్చబోవువారు కొందఱు “ఏడువవద్దు” అని నోరు మూయింతురు. మఱికొందఱు జరిగినదెల్ల చెప్పుమని పదేపదే తవ్వుదురు. విపత్తు జరిగిన వెంటనే బలవంతముగ చెప్పించుట మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతము చెప్పుచున్నది. చెప్పినచో వినవలెను. చెప్పకున్నచో ప్రక్కన కూర్చుండవలెను. అన్నము, నీరు, కప్పుకొన బట్ట, తప్పిపోయినవారి జాడ వెదకుట మొదటి పనులు. ఇదంతయు పూర్వకర్మ ఫలమని తీర్పు చెప్పువాడు ఇంటనే యుండుట మంచిది.

సిగ్గును గూర్చి మన మఠములు, కుటుంబములు ప్రత్యేకముగ ఆలోచింపవలెను. నిన్నటిదాక పదిమందికి అన్నము పెట్టిన రైతు నేడు పొట్లము కొఱకు వరుసలో నిలుచును. లారీపైనుండి విసరిన పొట్లము ఆకలి తీర్చును గాని మనిషిని చిన్నబుచ్చును. బసవేశ్వరుడు బోధించిన దాసోహము అర్థమగునది ఇచ్చటనే. “ఇచ్చుచున్నాను” అను గర్వము ఇచ్చువానికి లేనప్పుడే పుచ్చుకొనువాడు తల దించుకొనకుండును. కాయకమును గూడ ఇచ్చటనే తలచుకొనవలెను. జాలరికి వల, నేతగానికి మగ్గము, రైతుకు విత్తనము ఎంత త్వరగా చేతికి వచ్చునో అంత త్వరగా వాడు బాధితుడను పేరు వదలించుకొనును. అంతవఱకు శిబిరపు వంటపాకలో కూరలు తరుగు పనియైనను వారికే అప్పగించుట మేలు.

భయమును వట్టి శత్రువుగ నెంచరాదు. 1990 మే 9న మఱియొక పెనుతుపాను ఇదే తీరమును తాకెను. అంతకుముందే వేలకొలది కుటుంబములు ఇండ్లు విడిచి కదలినవి. మృతుల సంఖ్య వేయికి లోపుగనే నిలిచెను. హెచ్చరికలును, అప్పటికి కట్టిన తుపాను ఆశ్రయభవనములును ప్రాణములు కాపాడిన మాట నిజమే. కాని రమ్మనగనే ముసలివారు సైతము గడప దాటుటకు 1977 నాటి జ్ఞాపకమును తోడ్పడి యుండును.

ఇక కోపము. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరదనీరు దిగువకు పోయినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు ప్రాంతపు లంకలు మునిగినవి. అరటి, పసుపు, కంద తోటలు నీటిపాలైనవి. ఇట్టిచోట్ల దున్నినవాడు ఒకడు, పట్టా గలవాడు మఱియొకడు. పరిహారము పట్టాదారు పేర వచ్చి కౌలుదారు చేయి ఖాళీగ నున్నచో, వరద తీసిన తరువాత ఊరు రెండుగ చీలును. ఆ కోపము న్యాయమైనది. దానిని శాంతవచనములతో చల్లార్చబూనుట తగదు. నష్టపోయినవారి జాబితాను రచ్చబండ కడ అందఱి యెదుట బిగ్గఱగ చదివి, విడిచిన పేర్లను అక్కడికక్కడే చేర్పించు పెద్దలు ఉండవలెను.